గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ దాకా గుర్రం మీద

గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ గుడి దాకా దాదాపు 16 కిలోమీటర్ల కొండదారి. సుమారు 1,980 మీటర్ల ఎత్తు దగ్గర మొదలై 3,583 మీటర్లకు చేరుతుంది. యాత్రాకాలంలో ఈ దారి మీద నడిచేవాళ్లతో పాటు వేల గుర్రాలు, కంచర గాడిదలు మనుషులనూ సరుకునూ మోస్తాయి. తెలుగు జిల్లాల నుంచి చార్‌ధామ్‌కు వచ్చే బృందాల్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సాధారణంగా వీటినే నమ్ముకుంటారు. జీను మీద కూర్చోవడం వాళ్లలో చాలామందికి ఇదే మొదటిసారి.

ఎక్కేవాళ్ల బాధ్యత గౌరీకుండ్‌లో జంతువును మాట్లాడుకునే కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. బరువులు మోసే జంతువుల గురించి 1965లో కేంద్రం తెచ్చిన నియమాలు పొట్టి గుర్రానికి 70 కిలోలు, కంచర గాడిదకు 200 కిలోలు హద్దుగా పెట్టాయి. అంటే ఓ మోస్తరు లావుగా ఉన్న మనిషి పొట్టి గుర్రం ఎక్కడమే తప్పు, కంచర గాడిదను అడిగి తీసుకోవాలి. ఎక్కేముందు దాన్ని ఒకసారి నడిపించి చూడటానికి నిమిషం చాలు. కుంటుతోందా, జీను కింద పుండు ఉందా, ముక్కు కారుతోందా అన్నవి గమనించాలి. ముక్కు సంగతి చిన్నది కాదు. 2025 మే మొదట్లో గుర్రాలకు సోకే ఫ్లూ ఈ దారిలో వ్యాపించింది. రెండు రోజుల్లో 14 జంతువులు చనిపోవడంతో 24 గంటలపాటు ఈ దారిలో జంతువుల రాకపోకలను ఆపేశారు.

చినుకు పడగానే పల్చని ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు బయటికి వస్తాయి. జీను మీద కూర్చుని వాటిని విప్పితే ఆ రెపరెపకు జంతువు బెదురుతుంది, దాని వెనక వరసంతా బెదురుతుంది. ఎక్కకముందే తొడుక్కోవడం మేలు. గొడుగు అసలు వద్దు. పాదం ముందుభాగం మాత్రమే రికాబులో ఉంచి మడమ కిందికి దించాలి. పాదం మొత్తం లోపలికి దూర్చినవాడు పడితే, కాలు రికాబులో ఇరుక్కుని జంతువు అతన్ని ఈడ్చుకుపోతుంది.

జంగిల్‌చట్టీ, భీంబలీ మీదుగా దారి ఎక్కుతూ పోతుంది. గుర్రానికి సరిగ్గా తోక వెనకున్నది కనపడదు. అందుకే ముందున్న గుర్రానికి కనీసం ఒక గుర్రం పొడవు ఎడం ఉండాలి. మన పెద్దవాళ్లతో వచ్చిన పిల్లలు ఫోటో కోసం పక్కపక్కన నడిపించమని గుర్రం నడిపేవాణ్ణి బతిమాలడం మామూలే. ఒక వైపు లోయ ఉన్న దారిలో ఆ కోరిక ప్రాణాంతకం. నడిచేవాళ్లు జంతువుకు దారి ఇవ్వాల్సి వస్తే కొండవైపుకే జరగాలి, లోయ అంచుకు కాదు.

2013 జూన్ వరదలో రాంబాడా ఊరు కొట్టుకుపోయింది. ఆ తర్వాత వేసిన దారి అక్కడ మందాకినీ నదిని దాటి అవతలి ఒడ్డున లించౌలీ వైపు ఎక్కుతుంది. మొత్తం ప్రయాణంలో జంతువుకు అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. ఎక్కినవాడు కాస్త ముందుకు వంగితే బరువు దాని నడుము మీద పడదు. నిటారుగా బిగుసుకుని కళ్లెం లాగితే జంతువు తల ఎత్తాల్సి వస్తుంది, అడుగు తప్పుతుంది. అది ఆగి రొప్పుతుంటే తోలమని అరవకూడదు. ఐదు గంటలకు మించి ఆపకుండా, రోజులో తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదని ఆ 1965 నియమాలే చెబుతున్నాయి.

2022 యాత్రాకాలంలో ఈ దారిలో వందకు పైగా జంతువులు చనిపోయాయి. విశ్రాంతి లేకపోవడం, తాగడానికి తగినన్ని నీళ్లు లేకుండా ఎండుమేత తినడంతో వచ్చే కడుపునొప్పి ఆ చావులకు ముఖ్య కారణాలుగా చెప్పారు. ఇక్కడ యజమానిని ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు. ఉదయం ఎక్కి సాయంత్రానికి అందరమూ కిందికి దిగాలని బృందం పెట్టుకునే తొందర ఆ జంతువు వీపు మీదే పడుతుంది. కేదార్‌నాథ్‌లో ఒక రాత్రి ఉండేలా ప్రయాణం వేసుకున్న బృందం గుర్రానికి చేసే మేలు చాలా పెద్దది. బృందం వేగాన్ని అందరికన్నా నెమ్మదైన జంతువును బట్టి నిర్ణయించాలి.

దిగేటప్పుడు ప్రమాదం పెరుగుతుంది. తడిసిన రాతిమెట్ల మీద ఇనుప లాడాలు జారతాయి, బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. ఎక్కినవాడు వెనక్కి వాలాలి. మోకాళ్లు సహకరిస్తే నిటారుగా ఉన్నచోట్ల దిగి నడవడం ఇద్దరికీ క్షేమం.

గౌరీకుండ్ చేరాక జంతువుకు చెమట ఆరే వ్యవధి ఇచ్చి నీళ్లు పట్టాలి, మేత వేయాలి. అదే జంతువును విశ్రాంతి లేకుండా మళ్లీ పైకి ఎక్కించబోతుంటే దాని గుర్తింపు ట్యాగ్ మీది నంబరు కౌంటర్లో చెప్పాలి.