నల్లకారుకు మూడు స్నానాలు

విజయవాడ అనగానే మీకు ఇంద్రకీలాద్రి, కనకదుర్గమ్మ గుడి, కృష్ణ మీది ప్రకాశం బారేజీ గుర్తుకు వస్తాయి. అవి అందరూ చూచేవే. ఈసారి మనం యాత్రికులెవరూ పోని చోటికి పోదాం. బెంజి సర్కిలు దాటి బందరు రోడ్డున కొంతదూరం వెళితే ఆటోనగరు వస్తుంది. అది మోటారు బళ్ళ ఊరు.

కంటికి కనబడక ముందే ఆటోనగరు చెవికి వినబడుతుంది. ఎటు తిరిగినా రేకుల మీద సుత్తి దెబ్బలే. కొత్త లారీ ఇక్కడికి వచ్చేటప్పుడు దానికి ఇంజనూ, చక్రాలూ, పొడవాటి ఇనుప చట్రమూ తప్ప ఏమీ ఉండదు. వడ్రంగులూ, కమ్మరులూ కలిసి దానికి ఒళ్ళు కడతారు. ఆపైన రంగులవారు వచ్చి పూలూ, నెమళ్ళూ వేస్తారు. ఒక పూట నిలబడి చూచినా తనివి తీరదు. కాని మనం చూడవలసింది ఆ పక్కనే ఉన్న చిన్న రేకుల షెడ్డు. కార్ల రంగు మీది గీతలు పోగొట్టి మెరుగు పెట్టే పని అక్కడ జరుగుతుంది.

అదుగో, ఒక నల్లకారు వచ్చింది! ఎల్లుండి పెళ్ళికూతురు అందులో ఎక్కాలట. నీడలో చూస్తే కారు నిగనిగలాడుతున్నది. ఎండలోకి తీసేసరికి దాని మీద సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. ఆ గీతలు గుండ్రంగా ఉన్నాయనుకుంటున్నారా? కాదు. అవి అన్ని వైపులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగుకు అడ్డంగా పడిన గీతలే వెలుతురును మన కంటివైపు తిప్పుతాయి గనుక మనకు సున్నాలు చుట్టినట్టు తోస్తుంది. మీ ఇంట్లో పాత స్టీలు కంచాన్ని ఎండలో పట్టి చూడండి, అదే సాలెగూడు! కంచాన్ని ఎటు జరిపినా గూడు సూర్యుడి బొమ్మ చుట్టూనే ఉంటుంది.

మేస్త్రీ కారు చుట్టూ తిరిగి, "ముందు కడగాలండి," అన్నాడు.

"పొద్దున్నే ఇంటి దగ్గర కడిగించి తెచ్చాను గదా, మేస్త్రీ! మళ్ళీ ఎందుకు?" అన్నారు కారు యజమాని.

"ఇంటి నుంచి రోడ్డు మీదనే వచ్చారు గదండీ?"

మేస్త్రీ మాటలో శాస్త్రం ఉన్నది. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలో ఎక్కువ పాలు పలుగురాయి, అనగా క్వార్ట్జు. రాళ్ళ గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే మోస్ కొలతలో వజ్రం 10, పలుగురాయి 7. అది గాజును కూడా గీస్తుంది. ఇక కారు రంగు ఎంత? రంగు మీద అద్దంలాంటి పైపూత ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. 1000 మైక్రాన్లయితే 1 మిల్లీమీటరు. మీ నాన్నగారు చదివే వార్తాపత్రిక కాగితమే దానికన్నా మందం! దుమ్ము ఉండగా మెరుగుపెట్టే మిషను తిప్పితే, ఇసుక రేణువులు కూడా దానితోపాటు తిరుగుతాయి. ఉన్న గీతలు పోవడానికి బదులు కొత్తవి పడతాయి.

అందుకని మొదటి స్నానం. కారును నీడకు తెచ్చి, ఒళ్ళు చల్లబడనిచ్చి, ముందు ఉత్త నీళ్ళు ధారగా కొట్టారు. తరవాత సబ్బునీళ్ళు. బకెట్లు రెండు, ఒక దానిలో సబ్బు, రెండో దానిలో మంచినీళ్ళు. గుడ్డ కారు మీద ఒకసారి తిరిగిందో లేదో, ముందు మంచినీళ్ళలో జాడించి గాని సబ్బునీళ్ళలో ముంచడం లేదు. పైనుంచి కిందికి కడుగుతున్నారు, ఎందుకంటే బురదంతా కిందనే ఉంటుంది. తడి ఆరక ముందే మెత్తని గుడ్డతో అద్దారు. బోరునీళ్ళు తమంతట తామే ఆరితే అందులోని సున్నం తెల్లని చుక్కలుగా మిగిలిపోతుంది.

కడిగిన కారు శుభ్రమైనట్టేనా? మేస్త్రీ పల్చని ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని రంగు మీద మెల్లగా నిమిరాడు. వట్టి చేతికి నున్నగా ఉన్న చోట, సంచి తొడిగిన చేతికి గరుకు తగిలింది. చెట్ల జిగురూ, ఎగిరివచ్చిన ఇనుప రజనూ, తారు చుక్కలూ సబ్బుకు లొంగవు. వాటి కోసం సబ్బునీళ్ళు చల్లుతూ క్లే అనే మెత్తటి ముద్దతో రుద్దారు. ముద్ద కింద పడితే తీసి పారవేయవలసిందే, ఇసుక అంటుకుంటుంది. ఇది కాగానే రెండవ స్నానం. సందుల్లోని నీళ్ళను గాలి కొట్టి వెళ్ళగొట్టారు. లేకపోతే అద్దాల కింది నుంచి, తలుపుల సందుల నుంచి నీటితోపాటు మురికి జారి, సరిగ్గా పని జరిగేటప్పుడు రంగు మీదికి వస్తుంది.

ఇప్పుడు రబ్బింగ్ కాంపౌండు. దానిలో గీకే పొడి చాలామటుకు అల్యూమినియం ఆక్సైడే. అదే భూమిలో దొరికితే కురువిందం. ఇంగ్లీషువారి 'కోరండం' అనే మాట మన దక్షిణదేశం నుంచి వెళ్ళినదే! మోస్ కొలతలో దాని గట్టితనం 9. మరి ఇసుకకన్నా గట్టిది రంగును పాడుచేయదా? దాని రేణువులు అతి సన్నం, అన్నీ ఇంచుమించు ఒకే తీరు. అది గీతను పూడ్చదు. చుట్టూ ఉన్న పైపూతను రవ్వంత అరగదీసి గీత లోతుకు దించుతుంది. అరిగిపోయిన పూత మళ్ళీ పెరగదు, అందుచేత కారుకు ఈ వైద్యం మాటిమాటికీ చేయించడం మంచిది కాదు.

ముతక కాంపౌండు అయింది. సన్నని పాలిష్ మొదలు కావాలి. యజమానిగారు ఈపాటికి సంగతి గ్రహించి, "మళ్ళీ కడగాలి గదూ?" అన్నారు.

"అక్కరలేదండి," అన్నాడు మేస్త్రీ.

నాకు ఈ జవాబే ఎక్కువ నచ్చింది. ప్రతి మెట్టుకూ కారును నీళ్ళలో ముంచితే ఆరబెట్టడానికే రోజులు పడతాయి. పైగా తుడిచినప్పుడల్లా కొత్త గీత పడే భయం. శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డతో పొడి తుడిచి, మిషనుకు ముతక మెత్త తీసి కొత్త మెత్త వేశారు. అంతే. ఎక్కడైనా వాటర్ పేపరుతో రుద్ది, ఆ బురద సందుల్లోకి దిగితే మాత్రం అప్పుడు కడగవలసిందే.

మరునాడు మధ్యాహ్నానికి కారు అద్దమైంది. యజమానిగారు అందులో మీసం చూచుకుని, "ఇక మైనం పూసి ఇచ్చెయ్యి, మేస్త్రీ!" అన్నారు.

మేస్త్రీ మాట్లాడకుండా, గుడ్డ మీద స్పిరిటు కలిపిన నీళ్ళు చల్లి, కారు అంతటా జానెడేసి మేర తుడుస్తూ దీపం పట్టి చూచాడు. తలుపు పిడి దగ్గర గీతలు మళ్ళీ కనిపించాయి! పాలిష్‌లో నూనెలు ఉంటాయి. అవి గీతల్లో నిండి వెలుగు చెదరకుండా కప్పిపెడతాయి. నాలుగు వానలు పడితే నూనె పోతుంది, గీత బయటపడుతుంది. దాని మీదనే మైనం పూస్తే, ఉన్న గీతను డబ్బు తీసుకుని దాచిపెట్టినట్టే.

తలుపు మళ్ళీ చేశారు. ఒక్క గీత మాత్రం గోటికి తగులుతున్నది. మందం కొలిచే చిన్న యంత్రం దాని పక్కన పెట్టి చూచి, "ఇది లోతుగా దిగిందండి. దీని కోసం పూతంతా అరగదీస్తే ఎండకు రంగే పోతుంది. ఉండనివ్వండి," అన్నాడు మేస్త్రీ. యజమానిగారి ముఖం చిన్నబోయింది, కాని కాదనలేదు.

అప్పుడు మూడవ స్నానం. నూనే, సందుల్లోని తెల్లపొడీ అంతా పోయాయి. కారు ఆరింది. చివరికి మైనం పట్టించారు.

తాళం చెవులు ఇస్తూ మేస్త్రీ, "మళ్ళీ ఎండలో కడగకండి. పొడిగుడ్డతో దుమ్ము తుడవకండి. పిట్ట రెట్ట వేస్తే ఆ రోజే నానబెట్టి తీసెయ్యండి, అది రంగును తింటుంది. ఇంకొకటండి, పెళ్ళిపూలు కారుకు టేపుతో అంటించనీయకండి, దారాలతో కట్టించండి," అన్నాడు.

"ఆ మాట మా బావమరిదితో నువ్వే చెప్పు, మేస్త్రీ! వాడు అప్పుడే అరడజను టేపులు కొన్నాడు," అన్నారు యజమానిగారు.