కుక్కకి చదివి వినిపించే క్లాసు

మా చిన్నదాని స్కూలుకి గురువారం గురువారం ఓ పెద్దావిడ వస్తారు. డెబ్బై దాటే ఉంటాయి. వెంట ఓ గోల్డెన్ రిట్రీవర్. ఆవిడ మెడలో వాలంటీర్ బ్యాడ్జీ, దాని మెడలోనూ ఓ బ్యాడ్జీ! క్లాసులో ఓ మూల రగ్గు మీద అది కాళ్లు బారజాపుకుని పడుకుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దానికి పుస్తకం చదివి వినిపించాలి. అంతే పని.

ఇక్కడ అమెరికాలో ఇదేం కొత్త కాదు. 1999లో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే సంస్థ ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. ఏ కుక్కని పడితే ఆ కుక్కని రానివ్వరు. టీకాలు, నడవడిక అన్నీ చూసుకున్నాకే.

మొన్న నేనూ సాయానికి వెళ్లాను. ఓ పిల్లాడు ఒక మాట దగ్గర ఆగిపోయాడు. ఆవిడ అందించలేదు. మన ఇళ్లలో అయితే ఈపాటికి నాలుగు గొంతులు అందుకునేవి, అందులో నాది ముందుండేది. వాడు గొణుక్కుని, కూడబలుక్కుని, మొత్తానికి పలికాడు. పేజీ తిప్పబోతూ ఆగి, బొమ్మని కుక్క ముక్కు దగ్గర పెట్టి చూపించాడు. అది వాసన చూసి ఆవులించింది. వాడేం నొచ్చుకోలేదు, తర్వాతి పేజీ మొదలెట్టాడు.

రిటైరై ఊళ్లో ఉంటున్న పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, మీ ఊరి బడి హెడ్మాస్టర్ని ఓసారి అడిగి చూడండి. కుక్క లేకపోయినా పర్లేదు. వారానికో గంట, మధ్యలో దిద్దకుండా వినండి చాలు.