ఫలం చేజారిన తరువాతి విషాదం

అర్జునుని విషాదం యుద్ధారంభానికి పూర్వం కలిగినది. ఫలితాలు వెలువడిన పిదప కలిగే విషాదం వేరు. మొదటిదానికి చెప్పిన ఉపదేశాన్ని రెండవదానికి యథాతథంగా అప్పగించడం మన గృహాలలో తరచు జరుగుతుంది.

అమలాపురం ప్రాంతపు ఒక యువవైద్యుని విషయం చూడండి. ఎం.బి.బి.ఎస్. ముగించి, నీట్ పీజీ కొరకు రెండు సంవత్సరాలు అహోరాత్రాలు శ్రమించాడు. ఆశించినది జనరల్ మెడిసిన్. కౌన్సెలింగ్‌లో వచ్చినది బయోకెమిస్ట్రీ. రోగి నాడి పట్టే అవకాశమే లేని శాఖ! వారం రోజులు గది విడువలేదు, మిత్రుల ఫోనులకు బదులివ్వలేదు. "ఫలాపేక్ష కూడదని కృష్ణపరమాత్మ చెప్పనే చెప్పాడుగా, ఊరుకోరా" అన్నాడు మేనమామ. మాటలో దోషం లేదు, వేళలోనే ఉంది. కర్మకు ముందు కవచం వలె ధరింపవలసిన బోధ అది. గాయపడినవానికి చికిత్స కాజాలదు. తల్లి ఏమీ అనక కంచంలో అన్నం వడ్డించింది. ఆ ఇంట శాస్త్రజ్ఞానం ఆమెకే ఎక్కువ ఉన్నట్లుంది.

గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు మరొక ప్రశ్న వేస్తాడు: శ్రద్ధతో ప్రయత్నించియు సిద్ధి పొందక జారినవాని గతి యేమి? ఈ యువకుని ప్రశ్న అదే. భగవానుని సమాధానంలో వైరాగ్యం కంటె ఆశ్వాసం అధికం. చేసిన సాధన నశించదు, విడిచినచోటి నుండియే మరల సాగుతుంది. అక్కడి ప్రసక్తి యోగమే గాని ప్రవేశపరీక్ష కాదు, నిజమే. అయినను ఆ న్యాయం లౌకికవిద్యకు అన్వయింపకపోదు. రెండేళ్లు అభ్యసించిన రోగనిదానం ర్యాంకుతో పాటు చెరిగిపోదు కదా!

దృష్టాంతానికి దూరం పోనక్కరలేదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. సన్న్యసింపదలచారు, తల్లి సమ్మతించలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, అనపర్తికి చెందిన మామగారి తోడ్పాటుతో అమెరికా చేరారు. హార్వర్డులో ఆయన చేపట్టినది జీవరసాయనశాస్త్రం, అనగా ఈ యువకునికి దక్కిన బయోకెమిస్ట్రీయే. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. అక్కడ కూడ శాశ్వతపదవి లభించలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారారు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ ఆయన నేతృత్వంలో అక్కడ జరిగినదే.

ఈ మార్గానికి మూల్యమూ ఉన్నది. 1948లో మరణించువరకు ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. ధర్మపత్ని ఇక్కడనే ఉండిపోయారు. ఆయన పేరు చెప్పి పిల్లలను ఊరడించేవారు ఈ సంగతిని దాచరాదు.

ఇక ఆ సీటులో చేరడమా, మరల పరీక్ష వ్రాయడమా? వ్రాయుటలో అధర్మమేమియు లేదు, ఇల్లు గడిచే వీలుంటే. కాని రోగిని తాకని విద్య హీనమైనదన్న భావంతో మాత్రం వదలుకొనరాదు. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడ సుబ్బారావుగారి లెడర్లే బృందం కృషి నుండి వెలువడినదే. ఆ మాత్రలనే ఉభయ గోదావరి జిల్లాలలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తెచ్చి, ఎదుట నిలిచి మ్రింగించారు.