నల్ల టేపు కింద లైటు

నాన్న లారీ డ్యాష్‌బోర్డు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి ఉండేది. "ఎందుకు నాన్నా అది?" అని అడిగితే, "ఏబీఎస్ లైటమ్మా. ఆర్నెల్ల నుంచి వెలుగుతూనే ఉంది, రాత్రిళ్లు కళ్లలో పడుతోంది. బ్రేకులు బాగానే పడుతున్నాయిలే" అన్నారు. నేనూ వదిలేశాను.

మొన్న వానల్లో జగ్గయ్యపేట నుంచి సిమెంటు లోడుతో విజయవాడ వస్తున్నారు. నందిగామ దాటాక ముందున్న ఆటో ఒక్కసారిగా ఆగింది. నాన్న గట్టిగా బ్రేకు తొక్కారు. ముందు చక్రం పట్టేసింది. స్టీరింగ్ తిప్పుతున్నా బండి తిన్నగా జారిపోతోంది. బ్రేకు వదిలి మళ్లీ తొక్కితే, ఆటోకి రెండు మూరల దూరంలో ఆగింది. అందులో స్కూలు పిల్లలున్నారట. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బస్సు దిగి, నాన్నతో ఆటోనగర్ వెళ్లాను. మెకానిక్ లైటు చూసి, "మాడ్యూల్ పోయుంటుందండీ. మార్చాలంటే వేలల్లో అవుద్ది. వద్దంటే బల్బు పీకేస్తా, ఇక లైటే రాదు" అన్నాడు.

మా ఆఫీసులో ఏదైనా ఆగిపోతే ముందు అడిగే ప్రశ్న ఒకటే: చివరిసారి ఏం మార్చారు? నాన్ననీ అదే అడిగా. కాసేపు ఆలోచించి, "కుడివైపు ముందు చక్రం బేరింగు వేయించాను... అవును, లైటు ఆ తర్వాతే వచ్చింది" అన్నారు.

2015 నుంచి కొత్త పెద్ద లారీలకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. నాన్నది 2016 మోడల్. ఇది పనిచేసే తీరు సింపుల్. చక్రంతో పాటు పళ్లున్న ఇనుప రింగు ఒకటి తిరుగుతుంది. దాని పక్కన అయస్కాంతం, కాయిల్ ఉన్న సెన్సర్. పళ్లు ముందు నుంచి పోతుంటే సెన్సర్‌లో కొంచెం కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి కంప్యూటర్ చక్రం వేగం లెక్కేస్తుంది. చక్రం పట్టేయబోతుంటే బ్రేకు గాలిని క్షణం వదిలి మళ్లీ పట్టిస్తుంది. సిగ్నల్ రాకపోతే లైటు వెలిగించి తప్పుకుంటుంది. మామూలు బ్రేకు ఉంటుంది, కాపాడేది ఉండదు.

చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తాం. ఇంజినీరింగ్‌లో ఈసీఈ చదివినప్పుడు కొన్న మల్టీమీటర్ ఇన్నాళ్లకు పనికొచ్చింది. ముందు సెన్సర్ ఓంలు చూశా. ఇలాంటి వాటికి మామూలుగా 900 నుంచి 2,000 మధ్య ఉండాలి. బాగానే ఉంది. తర్వాత ఏసీ వోల్టుల్లో పెట్టి, రెండు సెకన్లకో చుట్టు చొప్పున చక్రాన్ని చేత్తో తిప్పించా. కనీసం 0.2 రావాలి. ఎడమవైపు 0.4 వచ్చింది. కుడివైపు 0.05 కూడా రాలేదు.

మెకానిక్ టార్చి వేసి చూసి, నాలుక కరుచుకున్నాడు. బేరింగు వేసినప్పుడు వెనక్కి నెట్టిన సెన్సర్‌ని మళ్లీ ముందుకు నెట్టలేదు. రింగుకీ దానికీ మధ్య వేలి గోరు పట్టేంత సందు. తీసి తుప్పు తుడిచి, గ్రీజు రాసి, రింగుకి తగిలేదాకా చేత్తోనే నెట్టాడు. సుత్తి వాడకూడదట. చక్రాన్ని ఊపి, బేరింగులో లూజు లేదని కూడా చూశాడు. లూజుంటే సెన్సర్ మళ్లీ వెనక్కి పోతుంది. ఇప్పుడు తిప్పితే 0.4.

నాన్న టేపు పీకి బండి తీశారు. రోడ్డెక్కి కాస్త స్పీడు అందుకోగానే లైటు ఆరిపోయింది. నాన్న ఏం మాట్లాడలేదు. కాసేపటికి, "ఆర్నెల్లమ్మా..." అన్నారు.

మీ బండిలో ఏబీఎస్ లైటు ఒక్కటే వెలుగుతుంటే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వస్తే అక్కడే ఆపేయండి. టేపు మాత్రం వేయకండి.

నాన్నని అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆఫీసులో రోజూ విసిగిస్తున్నాయని నేను మ్యూట్‌లో పెట్టిన అలర్టులు మూడున్నాయి. సోమవారం వెళ్లగానే వాటిని తెరిచాను. రెండు ఉత్తవే. మూడోదాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది.