పాయింట్లు చూడకుండానే

మా కారులో గడియారం పాసింజరు సీటుకి ఎదురుగా ఉంటుంది. 1969 ఫోర్డ్ మస్టాంగ్, మాక్ వన్. టైము చూడాలంటే డ్రైవరు మెడ పక్కకి తిప్పాలి. జేబులో ఫోనుండగా ఆ అవసరం ఎవరికుంది? అందుకే అది ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలీదు. డాలస్‌లో తెలుగువాళ్లకేం తక్కువ లేదు గానీ, పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నాకు తారసపడలేదు. తారసపడితే మాత్రం సలహా అడిగేవాణ్ణా అంటే, అదీ అనుమానమే.

ఆ కాలపు కారు గడియారం పేరుకే కరెంటుది. లోపలుండేది స్ప్రింగూ, బాలెన్స్ వీలూ ఉన్న మామూలు చావి గడియారమే. చావి ఇవ్వడం ఒక్కటే కరెంటు పని. స్ప్రింగు వదులవుతూ వచ్చి చివరికి రెండు కాంటాక్టులు తాకుతాయి. తాకగానే కాయిల్‌లోకి కరెంటు పారుతుంది, అది అయస్కాంతమై ఆర్మేచర్‌ని ఒక్క తన్ను తన్ని స్ప్రింగుని మళ్లీ బిగిస్తుంది, ఆ ఊపుకే కాంటాక్టులు విడిపోతాయి. ఒకటి రెండు నిమిషాలకోసారి టక్కుమని వినిపించేది ఆ తన్నే. బ్యాటరీ నీరసిస్తే తన్నే బలం చాలదు. కాంటాక్టులు అతుక్కునే ఉంటాయి, కరెంటు పారుతూనే ఉంటుంది, కాయిల్ మాడిపోతుంది. పైగా ఈ గడియారానికి ఇగ్నిషన్ తాళంతో సంబంధం లేదు, ఎప్పుడూ బ్యాటరీ మీదే బతుకుతుంది. కారుని గరాజ్‌లో పెట్టి వారాల తరబడి అటు చూడని నాలాంటివాడి దగ్గర దానికి గండమే.

ఇదంతా చదువుకునే ఉన్నాను. నన్ను ముంచింది ఆ చదువే. బ్యాటరీ పూర్తిగా పడిపోయింది కదా, ఇంకేముంది, కాయిల్ పోయే ఉంటుందని తీర్మానించేశాను. మీటరు సొరుగులోనే ఉంది. తీయలేదు.

క్వార్ట్జ్ మిషను పెట్టాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఆ లెక్కని 15 సార్లు సగం చేస్తే సెకనుకి ఒక్క పల్స్. నెలకి కొద్ది సెకన్ల తేడాతో నడుస్తుంది. పాత కార్ల కోసమని 12 వోల్టుల మీద నడిచేవి, పాత డయలుకి సరిపోయేవి విడిగా అమ్ముతారు. ఆ ధర చూసి నాకు మనసొప్పలేదు. గోడ గడియారం మిషను కాఫీ ఖర్చుకి వస్తుంటే అంత పోయడమెందుకని అదే తెప్పించాను.

తీరా చూస్తే దాని ఇరుసు లావు, పాత ముళ్ల కంతలు సన్నం. అక్కడే ఆగాల్సింది. సన్నటి రీమర్ తీసి నిమిషాల ముల్లు కంతని పెద్దది చేయబోయాను. ముల్లు వట్టి పలచటి రేకు. ఒక తిప్పుకి బాగానే ఉంది. మరో తిప్పుకి రీమర్ పట్టేసింది, వేళ్ల మధ్య నుంచి ముల్లు గిర్రున తిరిగి కంత అంచు చీలిపోయింది, పైన రంగు పెచ్చులుగా లేచింది. కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముల్లు! చుక్క జిగురు పెట్టి నిలబెట్టి, బాగానే ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ మిషనుకి పెన్సిల్ సెల్లు కావాలి. టెక్సస్ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనదు. వేసవి ముగిసేసరికి సెల్లు కారింది. ఆల్కలైన్ సెల్లులో ఉండేది గాఢమైన క్షారం. విప్పి చూస్తే తెల్లటి పొడి, పచ్చబడిన కాంటాక్టు రేకులు. చివరికి ముందు వద్దనుకున్న 12 వోల్టుల మిషనే కొన్నాను, దానికి సరిపోయే కొత్త ముళ్లతో సహా.

గుంటూరులో మా బాబాయి వాచీలు బాగుచేసేవాడు. ఫోనులో ఈ కథంతా చెప్పాను.

"కాయిల్ పోయిందని ఎవరు చెప్పార్రా?"

"బ్యాటరీ డౌనయింది కదా బాబాయ్."

"అయితే? పాయింట్లు చూశావా?"

చూడలేదు. ఇంటర్ చదివే రోజుల్లో నాన్న చేతక్ మొరాయిస్తే పాయింట్ల మధ్య ఎమెరీ పేపరు ముక్క పెట్టి రుద్దినవాణ్ణి నేనే. తాకుతూ విడిపోతూ ఉండే కాంటాక్టు ఎక్కడున్నా మాడి నల్లబడుతుంది. స్కూటర్లో తెలిసిన సంగతి గడియారంలో తట్టలేదు.

అదృష్టం, పాత మిషను పారెయ్యలేదు. కాయిల్‌కి మీటరు పెట్టాను. కొద్ది ఓమ్‌లు చూపించింది, అంటే తీగ తెగలేదు. కాంటాక్టుల మొహాలు మసిబారి ఉన్నాయి. సన్నటి ఎమెరీతో నాలుగు రుద్దులు రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, 12 వోల్టులిచ్చాను. టక్. బాలెన్స్ వీలు ఊగడం మొదలైంది.

"మరి కార్లో పెట్టెయ్" అన్నాడు బాబాయి.

ఎలా పెడతాను? పాత ముల్లు చీలిపోయింది, కొత్త ముళ్లు దీని ఇరుసుకి పట్టవు. వెతికితే పాత ముళ్లు దొరకొచ్చు. దొరికినా మారుస్తానని అనుకోను. క్వార్ట్జ్ మిషను తాగే కరెంటు బహు తక్కువ, బ్యాటరీ పడిపోతే ఆగిపోతుందే తప్ప మాడిపోదు. నా బద్ధకానికి అదే తగిన గడియారం.