ఎవరి కాగితాలు?

మా ఎ.కొండూరు మండలం తండాలలో మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఒక ఇంటికి పరామర్శకు వెళితే, ఆ ఇంటి ఇల్లాలు చూరులో దోపిన సంచీ దించి రక్తపరీక్షల చీటీలు నా ముందు పరిచింది. "మా ఆయన పోయాడు సారూ, ఇవి మిగిలాయి" అన్నది.

నాకు రొనాల్డ్ రాస్ కాగితాలు జ్ఞాపకం వచ్చాయి. రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన సైనిక వైద్యుడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఉత్తరాలూ నోటు పుస్తకాలూ పదిలంగా దాచుకున్నాడు. 1928లో, భార్యాబిడ్డల పోషణకని వాటిని అమ్మజూపితే, లేడీ హూస్టన్ 2,000 పౌన్లకు కొన్నది.

ఆ దోమలకు ఒళ్లప్పగించిన రోగి హుసేన్ ఖాన్. కూలి, కుట్టిన దోమకు ఒక అణా. ఆయన దాచుకున్న కాగితాలేవీ మనకు దక్కలేదు. ఆయన పేరు సైతం రాస్ రాతలవల్లనే మిగిలింది.

రాస్ ప్రతిభను నేను తగ్గించను. కాగితాలు దాచినందుకు ఆయనను మెచ్చుకుంటాను కూడా. అయితే వైద్యుడి దస్త్రం ఒక్కటే వైద్యచరిత్ర కాదు. తండా చీటీలలో తేదీలున్నాయి, అంకెలున్నాయి, అప్పు చేసి వెళ్లిన ప్రయాణాలున్నాయి. రేపు నీటికోసం, న్యాయంకోసం అడగబోయేవారికి అవే సాక్ష్యం.

విద్యార్థి మిత్రులారా, సెలవులలో రండి. ఇంటివారి అనుమతితో వీటికి నకళ్లు తీద్దాం. ఆ చూరు కురుస్తుంది. వానలకు ముందే రండి.