సామోస్ దీవిలో మూడవ అక్షరం

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పాను. హెడ్మాస్టరునయిన తరవాత కూడా ఎనిమిదవ తరగతి లెక్కలు మాత్రం ఎవరికీ వదిలిపెట్టలేదు. పైథాగరస్ సిద్ధాంతం నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసి చూపించానో లెక్కలేదు. కాని ఆ పైథాగరస్ పుట్టిన దీవిని కళ్ళారా చూస్తానని ఎన్నడూ అనుకోలేదు.

మా అమ్మాయీ, అల్లుడూ జర్మనీలో ఉంటారు. మొన్న వేసవిలో నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మా మనుమరాలికి పదకొండేళ్ళు. "తాతయ్యా, ఈసారి సెలవులకు నువ్వు చెప్పిన చోటికే వెళదాం," అన్నది. నేను తడుముకోకుండా, "సామోస్!" అన్నాను.

సామోస్ గ్రీసు దేశపు దీవి. గ్రీసుకూ టర్కీకీ మధ్య ఉన్న ఏజియన్ సముద్రంలో తూర్పు కొసను ఉన్నది. ఒకచోట దీవికీ టర్కీ తీరానికీ మధ్య రెండు కిలోమీటర్ల నీరు కూడా లేదు. దీవి వైశాల్యం సుమారు 477 చదరపు కిలోమీటర్లు, అంటే మన హైదరాబాదు నగరం కంటె చిన్నది. అయినా అందులో 1400 మీటర్లు దాటిన కొండ ఉన్నది!

ఏథెన్సులో విమానం మారి సామోస్‌లో దిగాము. ఆ విమానాశ్రయానికి అరిస్టార్కస్ పేరు పెట్టారు. ఆయనదీ ఈ దీవే. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలోనే, భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని చెప్పిన మహానుభావుడాయన. అదే మాట చెప్పిన కోపర్నికస్ పుస్తకం 1543 లో గాని అచ్చు కాలేదు.

నాలుగు రోజులకు ఒక చిన్న తెల్లకారు అద్దెకు తీసుకున్నాము. కారు ఇచ్చిన మనిషి దాని చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నీ కాగితం మీద గుర్తులు పెట్టాడు. ఆ కాగితంలోని షరతులన్నీ నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మట్టిరోడ్ల మీద టైర్లు చెడితే భీమా వర్తించదనీ, ఆ ఖర్చు మనదేననీ అందులో ఉన్నది. "ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండి" అని పిల్లలకు చెప్పినవాణ్ణి కదా, ఆ షరతు కూడా రెండుసార్లు చదివాను.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. మా అల్లుడికి జర్మనీలో అలవాటే. నాకు మాత్రం ప్రతి మలుపులోనూ ఎదుటి బండి మన మీదికే వస్తున్నట్టు ఉండేది. అయినా నేను ముందు సీటులో కూర్చుని, పటం ఒళ్ళో పరుచుకుని, దారి చెప్పే పని పుచ్చుకున్నాను.

ఆ పనికి నాకో అర్హత కూడా ఉన్నది. గ్రీకు అక్షరాలు మనకు కొత్తవి కావు. వృత్తానికి పై, కోణానికి థీటా, మొత్తానికి సిగ్మా, ఇవన్నీ గ్రీకు అక్షరాలే. పెద్ద రోడ్ల మీది నీలిరంగు పలకల మీద గ్రీకు పేరు పసుపు రంగులోనూ, దాని కిందనే ఇంగ్లీషు అక్షరాలలో తెలుపు రంగులోనూ రాసి ఉంటాయి. మా మనుమరాలు రెండింటినీ పోల్చి చూస్తూ, రెండు రోజుల్లో ఇరవై నాలుగు అక్షరాలూ నేర్చేసింది.

"తాతయ్యా, పెద్ద పై చూడు, తలుపుల్లేని గుమ్మంలా ఉన్నది!" అన్నది.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచిపోయాయి. హేరా దేవత ఆలయం చూశాము. ఒకప్పుడు గొప్ప ఆలయం. ఇప్పుడు అందులో ఒక్క స్తంభమే నిలబడి ఉన్నది. ఉత్తరపు తీరం వెంట కొక్కారి అనే పల్లెకు వెళ్ళి సముద్రంలో స్నానం చేశాము. కొండల మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు ఉన్నాయి. ఆ కొండ పేరు ఆంపెలోస్. గ్రీకు భాషలో ఆ మాటకు ద్రాక్షతీగ అనే అర్థం.

మూడవ రోజున అసలు పని పెట్టుకున్నాము. పిథగోరియో అనే రేవుపట్నం దగ్గర, కొండను తొలిచి చేసిన సొరంగం ఒకటి ఉన్నది. 2,500 ఏళ్ళ నాటిది. దాన్ని చూడాలనే మా మనుమరాలు బయలుదేరినప్పటి నుంచి కలవరిస్తున్నది. లోపలికి జట్లు జట్లుగా, వేళ ప్రకారం తీసుకువెళతారు. ఆరోజు ఆఖరి జట్టులో మాకు చోటు దొరికింది. మరునాడు మధ్యాహ్నం మా తిరుగు విమానం.

ఉదయం కొండ మీది పల్లె ఒకటి చూసి బయలుదేరాము. వచ్చిన దారినే తీరానికి దిగి, చుట్టూ తిరిగి పిథగోరియోకు పోవాలని అల్లుడి ఉద్దేశం. కొంత దూరం పోయేసరికి దారి రెండుగా చీలింది. ఫోనులోని పటం ఆ కొండల్లో కదలక ఆగిపోయింది. ఎడమ దారి మొదట పాత చెక్కపలక ఒకటి ఉన్నది. రంగు సగం వెలిసిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు లేవు. మొదటి అక్షరం పై. రెండవది అప్సిలాన్.

"పిథగోరియో! ఇదే అడ్డదారి. పోనీ బాబూ!" అన్నాను.

వెనక నుంచి మా మనుమరాలు, "తాతయ్యా, మూడవ అక్షరం థీటా కాదు. రో లాగా ఉన్నది," అన్నది.

"రంగు పోయింది, అమ్మడూ. నేను చెబుతున్నాను కదా," అన్నాను.

అల్లుడు నా మొహం కేసి ఒకసారి చూసి, మారుమాట్లాడక కారు ఎడమకు తిప్పాడు. మామగారి మాట కదా!

తారు రోడ్డు కాస్తా కంకర రోడ్డయింది. కంకర పోయి మట్టి మిగిలింది. ఒక పక్క పైన్ చెట్లు, రెండవ పక్క లోయ. వెనక్కు తిప్పుకునేందుకు చోటు లేదు. ఇంతలో ఠప్పుమని చప్పుడయింది. దిగి చూస్తే ముందు టైరు పక్కన ఒక మొనరాయి జానెడు మేర కోసేసింది.

స్టెప్నీ ఉన్నది గాని, చక్రం నట్లు ఎంత తిప్పినా ఊడలేదు. అల్లుడు చెమటలు కారుస్తూ అరగంట ప్రయత్నించాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

చివరకు ఒక ముసలి రైతు చిన్న ట్రక్కులో అటుగా వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మాకు గ్రీకులో మూడు మాటలు వచ్చు. "నే" అంటే అవును, "ఓహి" అంటే కాదు, "ఎఫారిస్తో" అంటే కృతజ్ఞతలు.

నేను దారి చూపించి, "పిథగోరియో?" అన్నాను.

ఆయన నవ్వి, "ఓహి, ఓహి! పిర్గోస్!" అన్నాడు.

పిర్గోస్ కొండకు అవతల ఉన్న మరో ఊరు. పై, అప్సిలాన్, తరవాత రో. మా మనుమరాలు చెప్పిందే నిజం.

ఆ రైతు స్పానరు మీద కాలు పెట్టి నిలబడేసరికి నట్లు కదిలాయి. చక్రం మార్చి, కారు తిప్పుకునే చోటు చూపించి, మా చేతుల్లో ఇన్ని అంజూరపు పళ్ళు పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. మేము సొరంగం చేరేసరికి ఆఖరి జట్టు వెళ్ళివచ్చింది. గేటు మూశారు.

మా మనుమరాలు ఏడవలేదు. మూసిన గేటు కమ్మీలు పట్టుకుని కాసేపు నిలబడి, వచ్చి కారులో కూర్చున్నది.

ఆ రాత్రి పిథగోరియో రేవు గట్టు మీద కూర్చున్నాము. పూర్వం ఈ ఊరి పేరు టిగాని, అంటే వేపుడు పెనం. పైథాగరస్ గౌరవార్థం 1955 లో పేరు మార్చారు. గట్టు చివర ఆయన విగ్రహం ఉన్నది. ఆయన నిలబడటమే లంబకోణ త్రిభుజంలో ఒక భుజంగా ఉండేటట్టు దాన్ని చేశారు. దాని కేసి చూస్తుంటే నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది.

ఒకనాడు నేను ఇదే సిద్ధాంతం మీద లెక్క చేస్తుండగా, వెనక బెంచీలో కుర్రవాడు లేచి, "మాస్టారూ, మూడవ వరస తప్పండీ," అన్నాడు. "నువ్వు కూర్చో. ముందు చెప్పింది రాసుకో," అని గద్దించాను. ఇంటికి పోయి చూసుకుంటే వాడి మాట నిజమే. మరునాడు ఆ లెక్క సరిగా చేసి చూపించాను గాని, వాడు చెప్పింది నిజమని మాత్రం తరగతిలో అనలేదు. ఆ కుర్రవాడు మళ్ళీ ఎన్నడూ లేచి ప్రశ్న అడగలేదు.

నేను మనుమరాలిని దగ్గరికి పిలిచి, "నువ్వు చెప్పిందే నిజం, అమ్మడూ. నేను వినలేదు. తప్పు నాది," అన్నాను. అల్లుడితో, "బాబూ, ఆ టైరు ఖరీదు నేనిస్తాను," అన్నాను.

"అయ్యో, ఎందుకండీ మామయ్యగారూ!" అన్నాడతను. అయినా నేనే ఇచ్చాను.

మా అమ్మాయి ఫోనులో వెతికి, మరునాటి మొదటి జట్టులో చోటు సంపాదించింది. తెల్లవారుతూనే సామాను కారులో సర్దుకుని అక్కడికి చేరాము.

సొరంగం కథ చెబుతాను వినండి. కొండకు ఉత్తరాన నీటి ఊట, దక్షిణాన పట్నం. కొండ చుట్టూ బయట కాలవ తవ్వితే శత్రువులు సులభంగా తెంచేస్తారు. అందుకని నీటిని కొండలోపలి నుంచే తేవాలని నిశ్చయించారు. ఆ పని యుపలినోస్ అనే ఇంజనీరు చేశాడు. ఆయనది మెగారా అనే ఊరు. ఇది క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం నాటి మాట. హెరడోటస్ అనే చరిత్రకారుడు దీన్ని గురించి రాశాడు. యంత్రాలు లేవు, మందుగుండు లేదు. సుత్తీ ఉలీ పుచ్చుకుని సున్నపురాతి కొండను రెండు వైపుల నుంచీ ఒకేసారి తొలిచారు. సొరంగం పొడవు 1,036 మీటర్లు. ఎత్తూ, వెడల్పూ సుమారు 1.8 మీటర్లు.

తలకు టోపీలు పెట్టుకుని ఇరుకైన మెట్లు దిగాము. బయట మండే ఎండ. లోపల చల్లగా ఉన్నది. నడిచే నేల ఇంచుమించు మట్టంగా ఉన్నది. కాని నీరు పారాలంటే వాలు ఉండాలి కదా? అందుకని నేలకు ఒక పక్కన లోతుగా కందకం తవ్వి, అందులో మట్టి గొట్టాలు వాలుగా పరిచారు. దక్షిణపు కొసకు వచ్చేసరికి ఆ కందకం లోతు ఎనిమిది మీటర్లు దాటింది. ఇప్పుడు దాని మీద ఇనప జాలీ వేశారు. వెయ్యేళ్ళకు పైగా ఈ దారినే పట్నానికి నీరు వచ్చింది.

దక్షిణం నుంచి తవ్విన భాగం చాలా దూరం బాణంలా తిన్నగా పోయింది. ఉత్తరం నుంచి వచ్చినవారికి మధ్యలో చెడ్డ రాయి తగిలింది. దాన్ని తప్పించుకుంటూ పక్కకు పోయి, మళ్ళీ తిరిగి రావలసి వచ్చింది. కొండ కడుపులో, దీపం వెలుగులో, ఇటువారికి అటువారు కనిపించరు. రెండు మూడు మీటర్లు పక్కకు తప్పితే చాలు, ఒకరినొకరు దాటిపోతారు!

నాలుగు వందల మీటర్లు దాటాక సొరంగం హఠాత్తుగా వంపు తిరిగింది. రెండు జట్లూ కలుసుకున్నది అక్కడే.

"ఇంత తిన్నగా వచ్చి ఇక్కడ వంకర పోయిందేం? తప్పు చేశారా?" అని అడిగింది మనుమరాలు.

మాతో వచ్చిన ఆవిడ నవ్వి, అది కావాలని చేసిన వంపేనని చెప్పింది.

మీరే కాగితం మీద వేసి చూడండి. రెండు గీతలు ఎదురెదురుగా గీయండి. కాని ఒకటి కాస్త పక్కకు జరిగి ఉండాలి. వాటిని తిన్నగా పొడిగించుకుంటూ పోతే ఎన్నటికీ కలవవు. ఇప్పుడు వాటి మధ్య ఇంకా దూరం ఉండగానే ఒకదాన్ని దాని ఎడమకూ, రెండవదాన్ని దాని కుడికీ వంచి పొడిగించండి. ఎక్కడో ఒకచోట అవి తప్పకుండా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. యుపలినోస్ చేసినది ఇదే. ఎత్తులో తేడా రావచ్చునని, కలిసేచోట ఒక పక్క కప్పు పైకి తొలిపించాడు, రెండవ పక్క నేలను లోతు చేయించాడు.

తన లెక్క మీద ఆయనకు నమ్మకం లేక ఇలా చేయలేదు. లెక్క ఎంత బాగా చేసినా, చేసినవాడు మనిషే కనక తప్పు రావచ్చునని ఆయన ముందే ఎరుగును. అందుకే ఆ తప్పును కూడా లెక్కలో వేసుకున్నాడు. నేను అంత పని చేయలేదు. చెక్కపలక మీద రెండే అక్షరాలు చూసి, మూడవది ఉన్నదని చెప్పిన పిల్లను నోరు మూయించాను.

ఆ వంపు దగ్గర గోడ మీద నాటి ఉలి గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. మా మనుమరాలు ఒక గీత దగ్గర వేలు పెట్టి, "ఇవతలి వాళ్ళదా, అవతలి వాళ్ళదా, తాతయ్యా?" అని అడిగింది. ఈసారి నేను తొందరపడలేదు. "తెలియదు. ఆవిడను అడుగుదాం," అన్నాను.

బయటికి వచ్చి విమానాశ్రయానికి బయలుదేరాము. దారిలో నీలిరంగు పలక వచ్చింది. వెనక సీటులోంచి మా మనుమరాలు, "తాతయ్యా, మూడవ అక్షరం చూశావా?" అన్నది.

"చూశాను. నాలుగవది కూడా చూశాను," అన్నాను.